పైడాంటిక్ 2: మొహమాటం లేని వెర్షన్

మేము చూసుకునే పార్శిల్ బుకింగ్ అప్లికేషన్ పైథాన్‌లో, ఫాస్ట్‌ఏపీఐ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద నడుస్తుంది. వచ్చిన ప్రతి బుకింగునూ తనిఖీ చేసి లోపలికి పంపేది పైడాంటిక్ లైబ్రరీ. దాని రెండో వెర్షన్ 2023 జూన్ ఆఖరులోనే వచ్చినా చాలాకాలం దాని జోలికి పోలేదు. పాతది పైథాన్ 3.14తో పొసగదని తేలాక ఇక తప్పలేదు.

పేర్ల మార్పు గురించి అందరూ భయపెడతారు గానీ అది కూలి పని, అంతే. మోడల్‌ను (డేటా రూపాన్ని వర్ణించే క్లాసును) డిక్షనరీగా మార్చే డిక్ట్ కాస్తా మోడల్_డంప్ అయింది, ఫీల్డును తనిఖీ చేసే వ్యాలిడేటర్ ఫీల్డ్_వ్యాలిడేటర్ అయింది, సెట్టింగ్స్ వేరే ప్యాకేజీకి కాపురం మార్చాయి. లైబ్రరీవాళ్లే ఇచ్చిన బంప్-పైడాంటిక్ అనే సాధనం ఇందులో చాలావరకు చేసిపెడుతుంది. ఆప్షనల్ ఫీల్డులకు డిఫాల్టు విలువ ఇప్పుడు మనమే రాయాలి. దాన్నీ అదే చేర్చింది. తనవల్ల కాని వ్యాలిడేటర్ల దగ్గర 'మీరే మార్చుకోండి' అని వ్యాఖ్య రాసి తప్పుకుంటుంది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

అసలు తలనొప్పి ఒక్క అక్షరం కూడా మారని కోడుతో వచ్చింది. పాత వెర్షన్ ఉత్త మొహమాటస్తుడు. పూర్ణాంకం ఉండాల్సిన బరువు గడిలో 2.5 వస్తే చప్పుడు చేయకుండా 2 చేసేసుకునేది. ఆ అరకిలో ఛార్జీ ఎటు పోయిందని అడిగే నాథుడు లేడు. కొత్తది భిన్నం ఉందంటూ మొహం మీదే తిప్పికొడుతుంది. బ్రాంచీలు పంపే ఎక్సెల్ షీట్లలో 040తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నంబరు ముందు సున్నా పోగొట్టుకుని, సంఖ్యగా మారి వస్తుంది. పాతది దాన్ని స్ట్రింగ్‌గా (అక్షరాల వరసగా) మార్చి దాచుకునేది. కొత్తది స్ట్రింగ్ అన్నచోట స్ట్రింగే ఇమ్మంటుంది. మన పిన్‌కోడ్లేవీ సున్నాతో మొదలవవు కాబట్టి అక్కడ మాత్రం సంఖ్యను స్ట్రింగ్‌గా మార్చుకోనిచ్చే కోయర్స్_నంబర్స్_టు_స్ట్ర్ సెట్టింగ్ పెట్టి సడలించాం. ల్యాండ్‌లైన్ దగ్గర సడలించలేదు, సడలించం కూడా.

తనిఖీ ఇంజిన్‌ను రస్ట్ భాషలో తిరగరాశారు. రస్ట్ రెజెక్స్‌కు (అక్షరాల నమూనాలను పోల్చే పద్ధతికి) లుక్‌అహెడ్, అంటే ముందున్న అక్షరాలను తొంగిచూసి షరతు పెట్టడం, తెలియదు. మా పాస్‌వర్డ్ నియమమంతా లుక్‌అహెడ్లే! సర్వర్ లేవనే లేవలేదు. రెజెక్స్_ఇంజిన్ సెట్టింగ్‌ను పైథాన్-ఆర్ఈకి, అంటే పైథాన్ సొంత రెజెక్స్‌కు, మార్చాక లేచింది. పోనీ, లేవకపోవడమే మంచిదయింది. లేచి, అర్ధరాత్రి కూలితే ఇంకా కష్టం.

వేగం 5 నుంచి 50 రెట్లు పెరుగుతుందని ప్రచారం. మా ఆలస్యమంతా డేటాబేస్ దగ్గరే కాబట్టి బుకింగ్ చేసేవారికి తేడా తెలియలేదు. వేల వరసల ఎక్సెల్ అప్‌లోడ్ దగ్గర మాత్రం కళ్లకు కనిపించింది.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఫిర్యాదు ఉంది. మెల్లగా మారేవాళ్ల కోసం పాత వెర్షన్‌ను లోపలే ఉంచామన్నారు, బాగానే ఉంది. కానీ పాత మోడల్‌ను కొత్త మోడల్ లోపల పెట్టనివ్వదు. చిరునామా, పంపేవారు, పార్శిల్ అన్నీ ఒకదాంట్లో ఒకటి ఇమిడి ఉన్న మాలాంటి వారికి అది అక్కరకు రాని చుట్టం. అన్నీ ఒక్కసారే మార్చాల్సి వచ్చింది.

అయినా ఈ వెర్షన్‌కు మారమనే చెబుతాను. మారే ముందు లోపాల కోడ్‌ల పట్టిక చూసుకోండి. అసలు పంపని ఫీల్డుకు వచ్చే వ్యాల్యూ_ఎర్రర్.మిస్సింగ్ ఇప్పుడు ఉత్త మిస్సింగ్. ఆ కోడ్‌ను బట్టి తెలుగు సందేశం చూపించే మా మొబైల్ యాప్, 'పిన్‌కోడ్ రాయండి' అనాల్సిన చోట ఎర్ర గీత గీసి ఊరుకుంది. సర్వర్‌తో పాటు ఫోన్లలోని యాప్ కూడా అదే రోజు మారదు కదా. కొన్నాళ్లు రెండు కోడ్‌లనూ గుర్తించేలా యాప్‌ను ముందే విడుదల చేయండి.