ఇంటి రక్షణ షాట్‌గన్‌కు ఏ బ్యారెల్, ఏ చోక్: తొమ్మిదేళ్ళ వాడకం తర్వాత

నా దగ్గరున్నది రెమింగ్టన్ 870, 12 గేజ్ పంప్ షాట్‌గన్. తొమ్మిదేళ్ళుగా ఇదొక్కటే వాడుతున్నాను. కొన్నప్పుడు దానికి 28 అంగుళాల బ్యారెల్, మాడిఫైడ్ చోక్ ఉండేవి. షాట్‌గన్ తూటా ఒక్కదానిలోంచి చాలా గుండ్లు వస్తాయి, అవి ఎంత చెదరాలో నిర్ణయించే బ్యారెల్ మూతి దగ్గరి బిగింపే చోక్. రెండో ఏడు 18.5 అంగుళాల సిలిండర్ బోర్ (బిగింపు లేని) బ్యారెల్ కొన్నాను. ఆ తర్వాత చోక్‌లు మార్చుకునే వీలున్న 20 అంగుళాల బ్యారెల్ కూడా తీసుకున్నాను. ఈ తుపాకీలో మ్యాగజైన్ (బ్యారెల్ కింద తూటాలుండే గొట్టం) క్యాప్ విప్పితే బ్యారెల్ ఊడి వస్తుంది కాబట్టి మూడింటినీ మార్చి మార్చి వాడి చూశాను.

ముందు పొడవు సంగతి. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, రాత్రి లైట్లు ఆర్పి పడకగది నుంచి హాల్లోకి నడిచి చూశాను. 28 అంగుళాల బ్యారెల్‌తో తుపాకీ మొత్తం పొడవు దాదాపు 48.5 అంగుళాలు. పడకగది గుమ్మం దాటేలోపే బ్యారెల్ కొస తలుపు చట్రానికి కొట్టుకుంది. మలుపు దగ్గర నాకంటే ముందు బ్యారెల్ కొసే బయటికి వచ్చింది. 18.5 అంగుళాల దానితో మొత్తం పొడవు 39కి దగ్గరగా వస్తుంది. ఈ తేడా కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది, చీకట్లో మలుపు తిరిగేటప్పుడు మాత్రం చాలా పెద్దది.

బ్యారెల్ పొట్టిదైతే దెబ్బలో బలం తగ్గుతుందని నాకు భయం ఉండేది. తగ్గేది అంగుళానికి సెకనుకు కొన్ని అడుగుల వేగం మాత్రమే. గదుల దూరంలో దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. బ్యారెల్ పొట్టిదైతే గుండ్లు ఎక్కువ చెదురుతాయన్న మాట కూడా నిజం కాదు. చెదరడాన్ని నిర్ణయించేది చోక్, తూటా. పొట్టి బ్యారెల్‌తో నిజంగా పెరిగేవి శబ్దం, మూతి దగ్గర మంట. నాలుగు గోడల మధ్య ఆ శబ్దం చెవులకు శాశ్వతంగా నష్టం చేయగలదు. అందుకే తుపాకీ పెట్టెలోనే చెవి కవచం కూడా పెట్టుకున్నాను.

18.5కీ 20కీ మధ్య నాకు చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. అంతకంటే స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవే ముఖ్యమని ఆలస్యంగా తెలిసింది. మామూలుగా వచ్చే 14 అంగుళాల స్టాక్ తీసేసి 12.5 అంగుళాలది పెట్టించాక మా ఆవిడ మొదటిసారి ఇబ్బంది లేకుండా భుజానికి ఆనించుకోగలిగింది. బ్యారెల్ కోసం పెట్టిన డబ్బులో కొంత ముందే దీనికి పెట్టాల్సింది.

ఒక హెచ్చరిక. ఉన్న పొడవాటి బ్యారెల్‌నే కోయించుకుందామని ఎవరూ అనుకోవద్దు. అమెరికాలో 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం బ్యారెల్ 18 అంగుళాల కంటే గానీ, మొత్తం పొడవు 26 అంగుళాల కంటే గానీ తగ్గితే ప్రత్యేక రిజిస్ట్రేషన్ కావాలి, లేకపోతే అది నేరం. వేరే దేశాల్లో వేరే చట్టాలుంటాయి. ఎక్కడున్నా ముందు అది తెలుసుకోవాలి. పైగా చోక్ ఉండేది మూతి దగ్గరే కాబట్టి కోతతో పాటు అదీ పోతుంది.

ఇక చోక్. 12 గేజ్ గొట్టం లోపలి వ్యాసం 0.729 అంగుళం. సిలిండర్ అంటే మూతి దగ్గర బిగింపు అసలు లేనట్టు. ఇంప్రూవ్డ్ సిలిండర్‌లో బిగింపు సుమారు 0.010 అంగుళం, మాడిఫైడ్‌లో 0.020, ఫుల్‌లో 0.035 లేదా ఇంకొంచెం ఎక్కువ. షాట్‌గన్‌కు గురి అక్కర్లేదు, అటువైపు తిప్పి పేలిస్తే చాలు అని నాకు చాలామంది చెప్పారు, నేనూ నమ్మాను. అందుకే చోక్ ఎంత వదులుగా ఉంటే అంత మంచిదని సిలిండర్ బోర్ కొన్నాను.

కాగితం మీద కాల్చి చూశాక ఆ నమ్మకం పోయింది. మా ఇంట్లో తిన్నగా కొలిస్తే అతి పెద్ద దూరం 11 గజాలు. రేంజ్‌లో 5, 7, 11, 15 గజాల దగ్గర పెద్ద కాగితాలు పెట్టి, తొమ్మిది గుండ్ల మామూలు 00 బక్‌షాట్‌తో (పెద్ద గుండ్ల తూటా) ఒక్కో చోక్‌కు మూడేసి తూటాలు కాల్చాను. సిలిండర్‌తో 5 గజాల దగ్గర అన్ని రంధ్రాలూ నా అరచేతి కింద దాగిపోయాయి. 7 గజాల దగ్గర వెడల్పు ఆరేడు అంగుళాలు. అంటే గురి కాస్త తప్పితే మొత్తం తప్పినట్టే. చెదిరి కాపాడే గుండ్లు ఇంటి దూరంలో ఉండవు. 11 గజాలకు పది అంగుళాలు దాటింది. 15 దగ్గర ప్రతిసారీ ఒకటో రెండో గుండ్లు మిగతావాటికి బాగా దూరంగా పడ్డాయి. ఇంప్రూవ్డ్ సిలిండర్ కొంచెం మెరుగు, మాడిఫైడ్ ఇంకొంచెం మెరుగు. అయినా 7 గజాల్లో వీటి మధ్య తేడా రెండు మూడు అంగుళాలు మించలేదు.

ఆ దూరంగా పడిన గుండు దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. హాలు గోడ అవతల మా పిల్లల గది ఉంది. 00 గుండు ఒక్కోటి 0.33 అంగుళం ఉంటుంది, జిప్సం బోర్డు గోడల్లాంటివి వరుసగా కొన్ని ఉన్నా దాటిపోగలదు. తగలని ప్రతి గుండూ ఎక్కడికో వెళ్తుంది. ఆ రోజు నుంచి గుండ్లు ఎంత చెదురుతాయి అని కాక, ఎంత దగ్గరగా పడతాయి అని చూడడం మొదలుపెట్టాను. ఇంట్లో ఏ దిక్కుకు అసలు కాల్చకూడదో పగలే నడిచి గుర్తుపెట్టుకున్నాం.

చోక్‌ల వల్ల రాని మార్పు తూటా మారిస్తే వచ్చింది. ఫ్లైట్‌కంట్రోల్ అనే రకం వాడ్ (తూటాలో గుండ్లను పట్టి ఉంచే ప్లాస్టిక్ గిన్నె) ఉన్న ఎనిమిది గుండ్ల 00 తూటా అదే సిలిండర్ బ్యారెల్‌తో కాల్చాను. ఈ వాడ్ మూతి దాటాక కూడా గుండ్లను కొంత దూరం పట్టుకుని ఉంటుంది. 7 గజాల దగ్గర రెండు అంగుళాల ముద్ద, 15 దగ్గర కూడా అన్నీ నా చేతి వెడల్పులోనే. ఇదే తూటాను బిగుతు చోక్‌తో కాల్చితే గుండ్లు ఇంకా దగ్గరగా పడతాయనుకున్నాను, తీరా చూస్తే ఎక్కువ చెదిరాయి. బిగుతు చోక్ ఆ వాడ్ పనిని చెడగొడుతుంది. ఇలాంటి తూటాకు సిలిండర్ గానీ ఇంప్రూవ్డ్ సిలిండర్ గానీ సరైనవి. తక్కువ రీకాయిల్ (భుజాన్ని వెనక్కి తన్నే దెబ్బ) రకం తీసుకుంటే రెండో తూటాకు గురి త్వరగా కుదురుతుంది.

మార్చుకునే చోక్‌లతో ఒక చిక్కు ఉంది. విడిగా కొన్న ఒక చోక్ మధ్యకు సరిగ్గా లేదు, 11 గజాల్లో అంతా నాలుగు అంగుళాలు కుడికి పడింది. తుపాకీ తప్పనుకుని నెల రోజులు టెన్షన్ పడ్డాను. ఇంకోసారి నేనే ఏడాదిపాటు విప్పి తుడవకపోవడంతో చోక్ బిగుసుకుపోయింది. కాల్పుల్లో మరలు వదులవుతాయి కాబట్టి తుపాకీ ఖాళీ చేసి మధ్యమధ్యలో చూసుకోవాలి. చోక్ పెట్టకుండా మాత్రం ఎప్పుడూ కాల్చకూడదు, మూతి లోపలి మరలు పాడవుతాయి. ఇంటి కోసమే ఉంచే తుపాకీకి ఈ శ్రమ అవసరం లేదు.

ఇప్పుడే కొత్తగా కొనేవాళ్ళు అడిగితే 18.5 అంగుళాల సాదా సిలిండర్ బోర్ బ్యారెల్ ఒక్కటి చాలంటాను. చోక్‌ల డబ్బు తూటాలకు పెట్టండి. ఒకే మోడల్ అని చూసి బ్యారెల్ కొనవద్దు. మాస్‌బర్గ్ 500 లాంటి వాటిలో మ్యాగజైన్ గొట్టం పొడవు కలవకపోతే బ్యారెల్ కూర్చోదు.

నా 28 అంగుళాల బ్యారెల్ ఇప్పుడు క్లే టార్గెట్లకే (గాల్లోకి విసిరి కాల్చే బిళ్ళలు). 20 అంగుళాలది అమ్మేశాను. పొట్టి బ్యారెల్‌తో తుపాకీ తాళం పెట్టెలో, ఛాంబర్ (తూటా పేలే చోటు) ఖాళీగా ఉంటుంది. తాళం తీయడం ఇంట్లో మా ఇద్దరికే తెలుసు. కొత్త తూటాల డబ్బా కొన్న ప్రతిసారీ అందులో మూడు తీసి 11 గజాల దగ్గర కాగితం మీద కాల్చి, ఆ కాగితం మీద తేదీ రాసి పెట్టె లోపల మడిచి పెడతాను.