స్ట్రోయెట్‌లో మూడు రోజులు: అరవై ఏళ్ల నాటి నిర్ణయం మిగిల్చినదేమిటి?

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ నడిబొడ్డున, టౌన్‌హాల్ కూడలి నుంచి కోంగెన్స్ న్యూటోర్వ్ వరకు సాగే స్ట్రోయెట్ వీధిలోకి 1962 నవంబరులో ప్రయోగాత్మకంగా మోటారు వాహనాలను రానివ్వకుండా ఆపారు. ఇంత చలిలో వీధుల్లో ఎవరు తిరుగుతారని కొందరు, కార్లు రాకపోతే బేరాలు సాగవని వర్తకులు అభ్యంతరపెట్టినా, 1964లో ఆ ఏర్పాటు శాశ్వతమైంది. దాని ఫలితం ఇన్నేళ్లకు ఎలా ఉందో చూద్దామనే అక్కడ మూడు రోజులున్నాను.

విమానాశ్రయం నుంచి మెట్రోలో పావుగంట ప్రయాణం. ఆ రైళ్లు రాత్రంతా నడుస్తాయి కనుక రాకపోకల విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. పొరబడింది బస విషయంలోనే. వీధిని ఆనుకున్న హోటల్లో మొదటి రాత్రి అర్ధరాత్రి దాటేదాకా జనం సందడి, తెల్లవారకముందే సరుకు బండ్ల చప్పుడు. మర్నాడు రెండు సందుల అవతలకు మారాను. గది ఇరుకైనా కంటినిండా నిద్రపట్టింది. రాళ్లు పరచిన దారుల మీద పెట్టె లాగలేనివారు మెట్రో స్టేషన్‌కు దగ్గరగా బస చూసుకోవడం మంచిది.

ఇక వీధి సంగతి. 1.1 కిలోమీటర్ల దూరానికి నాకు గంటకు పైగా పట్టింది. మధ్యాహ్నం వేళ ఇసుక వేస్తే రాలనంత జనం. జనమే కొలమానమైతే పథకం నూటికి నూరుపాళ్లు నెగ్గినట్టే. అయితే పడమటి కొసన జ్ఞాపికల దుకాణాలు, ఏ నగరంలోనైనా కనిపించే బట్టల బ్రాండ్లు. తూర్పు కొసన ఖరీదైన సంచులు, గడియారాలు. ఊడిన చొక్కా గుండీ కుట్టుకోవడానికి సూదీదారం కోసం ఆ చివర నుంచి ఈ చివర దాకా వెతికి, చివరకు పక్కవీధిలో కొన్నాను. రద్దీ పెరిగినకొద్దీ అద్దెలు పెరుగుతాయి, ఆ అద్దెలు భరించగలిగేవి పెద్ద సంస్థలే. నాటి వర్తకుల భయం కారణం తప్పినా పూర్తిగా వృథా కాలేదనిపించింది.

అందుకే ఈ పథకాన్ని ఒక్క వీధితో తూచడం సరికాదు. 1962లో 15,800 చదరపు మీటర్లున్న కార్లు లేని స్థలం 1996 నాటికి 95,750కు పెరిగింది. పార్కింగును ఒక్కసారిగా తీసేయకుండా ఏటా కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ వచ్చారు. వాస్తుశిల్పి యాన్ గేల్ బృందం ఏళ్ల తరబడి, నడిచేవారినే కాక ఊరికే కూర్చున్నవారిని కూడా లెక్కపెట్టింది. అసలు కొలత అదేనని నా అభిప్రాయం. స్ట్రోయెట్‌కు సమాంతరంగా ఉన్న స్ట్రేడెట్‌లో కార్లు నడిచేవారి వెనుక నెమ్మదిగా పాకుతాయి. పాతవస్తువుల దుకాణాలు, చిన్న కాఫీ హోటళ్లు అక్కడే దొరికాయి. సమయం తక్కువైతే పెద్ద వీధి మానుకుని ఇక్కడికే వెళ్లమంటాను.

ఈ పథకంలో ఇంకో లోపం: బెంచీలు తక్కువ, కాఫీ హోటళ్ల కుర్చీలు ఎక్కువ, కూర్చోవాలంటే ఏదో ఒకటి కొనాలి. చివరి సాయంత్రం స్ట్రోయెట్ మీదే ఉన్న అమాగర్‌టోర్వ్ కూడలిలో కొంగల ఫౌంటెన్ మెట్ల మీద ఒక వృద్ధ జంట ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టె తింటూ కనిపించారు. జల్లు మొదలైతే ఒకే గొడుగు విప్పుకున్నారు తప్ప లేవలేదు.