లాజిస్టిక్స్ డిగ్రీయా, బిజినెస్ డిగ్రీయా: ఏది మేలు?

"లాజిస్టిక్స్‌లోనే (సరుకు రవాణా, నిల్వ నిర్వహణ) డిగ్రీ చేయాలా, మామూలు బిజినెస్ డిగ్రీ చేసి తర్వాత ఇటు వస్తే సరిపోతుందా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్న ఇదే. నేను చదివింది బిజినెస్, చేస్తున్నది ఫ్రైట్ ఫార్వార్డింగ్, అంటే ఇతరుల సరుకును ఓడల్లో, విమానాల్లో పంపే ఏర్పాట్లు చూసే పని. నా పక్క సీట్లలో లాజిస్టిక్స్ చదివి వచ్చినవాళ్లు ఉన్నారు. ఆ తేడాను రోజూ దగ్గర నుంచి చూస్తున్నాను.

బిజినెస్ డిగ్రీకి ఉన్న బలం, దారులు మూసుకుపోకపోవడం. అకౌంట్స్, మార్కెటింగ్, బ్యాంకింగ్, ఎటైనా వెళ్లొచ్చు. ఏం కావాలో ఇంకా తేల్చుకోని వయసులో అది చిన్న విషయం కాదు. సరుకు కదలిక గురించి మాత్రం అందులో ఒకటో రెండో పేపర్లు ఉంటాయి, అంతే.

ఆ లోటు నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది. సముద్రంలో తడిసిపోయిన ఒక లోడు ఫైలు నా చేతికి వచ్చింది. ఒప్పందం సీఐఎఫ్, అంటే సరుకు ధరలోనే బీమా, ఓడ కిరాయి కలిసి ఉండే పద్ధతి. ఓడ కిరాయి, బీమా రెండూ అమ్మినవాడే కట్టాడు కాబట్టి నష్టం కూడా అతనిదే అనుకుని కొన్నవాళ్లకు అలాగే చెప్పాను. అది తప్పు. సీఐఎఫ్‌లో సరుకు ఓడెక్కగానే రిస్క్ కొన్నవాడికి మారిపోతుంది, బీమా క్లెయిమ్ వేసుకోవాల్సింది అతనే. అమ్మేవాడు, కొనేవాడు ఖర్చు, రిస్క్ ఎలా పంచుకోవాలో చెప్పే అంతర్జాతీయ నిబంధనలు ఇన్‌కోటర్మ్స్; సీఐఎఫ్ వాటిలో ఒకటి. ఇన్‌కోటర్మ్స్ 2020లో ఉన్నవి 11 నిబంధనలే. లాజిస్టిక్స్ చదివినవాళ్లకు ఇది క్లాసులోనే వచ్చేస్తుంది. నాకు ఒక కస్టమర్ టెన్షన్ పడ్డాక వచ్చింది.

అయినా సిలబస్ చూసి నిర్ణయించుకోమని నేను చెప్పను. నా దృష్టిలో అసలు తేల్చేది ఒక్కటే: కోర్సులో భాగంగా నిజంగా పని జరిగే చోట ఎన్ని నెలలు ఉంచుతారు?

కంటైనర్ దించడాన్నే తీసుకోండి. పుస్తకంలో అది ఒక్క లైను. డాక్ (సరుకు దించే చోటు) మీద అయితే ముందు కంటైనర్ తలుపుకు వేసిన సీలు నంబరును బిల్ ఆఫ్ లేడింగ్‌లో (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు రవాణా పత్రం) ఉన్న నంబరుతో అంకె అంకె సరిచూడాలి. తేడా ఉంటే తలుపు ముట్టుకోకుండా పైవాళ్లకు చెప్పాలి. తెరిచేటప్పుడు తలుపుకు ఎదురుగా నిలబడకూడదు. దారిలో కదిలిన పెట్టెలు మీద పడొచ్చు. మొదటి ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) దించకముందే ఫొటో తీయాలి, లేదంటే సరుకు ఎక్కడ దెబ్బతిందో తర్వాత నిరూపించలేం. ఇవన్నీ నెల రోజులు చేసినవాడు సిస్టమ్‌లో 480 అని, ర్యాకులో 468 అని కనిపిస్తే ఆ 12 ఎక్కడ పోయి ఉంటాయో ఊహించగలడు. చేయనివాడు సాఫ్ట్‌వేర్‌ను తిట్టుకుంటూ కూర్చుంటాడు.

అందుకే నా మొగ్గు లాజిస్టిక్స్ డిగ్రీ వైపే, కనీసం ఒక సెమిస్టర్ ఇంటర్న్‌షిప్ తప్పనిసరిగా ఉంటే. అది లేని లాజిస్టిక్స్ డిగ్రీ కంటే బిజినెస్ డిగ్రీ చదువుతూ సెలవుల్లో గోదాములో పనిచేయడం మేలు.

ఉద్యోగాలంటే చాలామంది గోదాము, లారీలు అనే అనుకుంటారు. 2021 మార్చిలో ఎవర్ గివెన్ ఓడ సూయెజ్ కాలువకు అడ్డం పడి, ఆరు రోజులు దారి ఆగిపోయిన సంగతి గుర్తుందా? అలాంటప్పుడు ఎవరేం చేస్తారో చూస్తే ఈ రంగం అర్థమవుతుంది. ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న గుడ్‌హోప్ అగ్రం చుట్టూ పంపాలా, విమానమెక్కించాలా అని ఫార్వార్డర్లు లెక్కలేస్తారు. ఉన్న స్టాకు ఎన్ని రోజులొస్తుందో ప్లానర్లు చూస్తారు. కొనుగోళ్ల విభాగం వేరే సరఫరాదారుని వెతుకుతుంది. మారిన రేవుకు తగ్గట్టు కస్టమ్స్ పత్రాలు చూసేవాళ్లు ఇంకొకరు. వీటిలో స్టాకు ప్లానింగ్, కొనుగోళ్లలోకి బిజినెస్ చదివినవాళ్లు కూడా తేలిగ్గానే వస్తారు. పత్రాలు, రవాణా, గోదాము పనుల్లో మాత్రం లాజిస్టిక్స్ వాళ్లు మొదటి రెండేళ్లు స్పష్టంగా ముందుంటారు.

లెక్కలంటే ఇష్టమైతే ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ కూడా మంచి దారే. రూట్ల ప్లానింగ్, గోదాము డిజైన్ లాంటి పనులు దానికి బాగా నప్పుతాయి. సీఎస్‌సీపీ (సరఫరా గొలుసు నిర్వహణలో ఒక వృత్తి సర్టిఫికెట్) లాంటివి ఒకటి రెండేళ్లు పని చేశాక తీసుకుంటేనే ఉపయోగం.

కాలేజీలో చేరేముందు ఆఖరి సంవత్సరం విద్యార్థులు ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. ఇంటర్న్‌షిప్‌లో మొదటి వారం ఏం పని ఇచ్చారో అడగండి. "సరుకు లెక్కపెట్టించారు, డ్రైవర్ల పత్రాలు చూడమన్నారు" అని చెబితే చేరండి. "ఆఫీసులో కూర్చుని రిపోర్టు రాసిచ్చాం" అంటే ఇంకో కాలేజీ చూసుకోండి.