కోళ్ల షెడ్డులో గ్యాస్ బ్రూడర్: నాలుగు చలికాలాల తర్వాత

జడ్చర్ల దగ్గరి మా కోళ్ల షెడ్డులో నాలుగు చలికాలాలుగా గ్యాస్ బ్రూడర్లు, అంటే కోడిపిల్లలకు పైనుంచి వెచ్చదనమిచ్చే గ్యాస్ హీటర్లు, వాడుతున్నాము. ఒక్కరోజు పిల్లలకు మొదటి వారంలో 32 నుంచి 34 డిగ్రీల వెచ్చదనం కావాలి. డిసెంబరు తెల్లవారుజాముల్లో బొగ్గుల కుంపటితో అది నిలకడగా అందేది కాదు. బ్రూడర్ వచ్చాక పిల్లలు ఒకచోట గుమిగూడకుండా గుండ్రంగా పరుచుకుని పడుకుంటున్నాయి. వేడి విషయంలో నాకు ఏ ఫిర్యాదూ లేదు.

ఫిర్యాదంతా దాన్ని వేలాడదీసే సామాను మీదనే. పెట్టెలో వచ్చిన సన్నని తీగతోనే, పైకప్పు రేకులను మోసే పర్లిన్‌కు మొదట కట్టించాను. రెండో చలికాలంలో, కోళ్ల రెట్టల నుంచి వచ్చే అమ్మోనియాకు, షెడ్డులోని తేమకు తీగ తుప్పు పట్టి ఒక వైపు తెగింది. బ్రూడర్ పక్కకు ఒరిగి, రాత్రంతా నేల మీద పరిచిన వరి పొట్టు వైపే మంట చూపిస్తూ మండింది. తెల్లారి చూస్తే పొట్టు నల్లబడి ఉంది. మంట ఆరితే గ్యాస్‌ను ఆపే ఏర్పాటు దానిలో ఉంది కానీ, ఒరిగినప్పుడు మంట ఆరలేదు కాబట్టి అది అక్కరకు రాలేదు. ఆ ఉదయం నాకు కాళ్లలో వణుకు పుట్టింది.

ఆ తర్వాత పర్లిన్‌ను వదిలి, పైకప్పు మొత్తాన్ని మోసే ఇనుప చట్రం (ట్రస్సు) కింది యాంగిల్‌కు, ముక్కలు కలిసే చోటనే, రంధ్రం వేయకుండా యూ బోల్టుతో బిగించాను. తీగకు బదులు అతుకు వేసిన కడియాల గొలుసు పెట్టి, కొక్కెం నోరు మూయించాను. మొదటిది తెగినా బ్రూడర్ కింద పడకుండా, వేరే చోటు నుంచి రెండో గొలుసును కాస్త వదులుగా కట్టాను. బ్రూడర్‌ను ఎక్కించే ముందు దాని బరువుకు అయిదింతల ఇసుక బస్తాను ఒక పూట వేలాడదీసి చూశాను. నైలాన్ తాడు మాత్రం వద్దు, వేడికి కరిగిపోతుంది.

చలి ఎక్కువైతే పనివాళ్లు బ్రూడర్‌ను ఇంకా కిందికి దించుతారు, అది సహజమే. అందుకని తయారీదారు పుస్తకంలో ఉన్న కనీస ఎత్తుకు సరిపడే కడియానికి ఎర్ర రంగు పూశాను. ఆ కడియం దాటి దించడం మా దగ్గర లేదు.

గ్యాస్ గొట్టం మీద బరువు పడకూడదు. ఐఎస్‌ఐ గుర్తున్న గొట్టాన్ని వదులుగా వేలాడనిచ్చి, బ్రూడర్ పైన వేడెక్కే గొడుగు లాంటి రేకుకు దూరంగా గొలుసుకు కట్టాము. ఎల్‌పీజీ గాలికన్నా బరువైనది కనుక లీకైతే నేరుగా పిల్లలున్న పొట్టు మీదికే దిగుతుంది. అందుకే 19 కిలోల సిలిండర్లను షెడ్డు బయటే ఉంచి, ప్రతి బ్యాచ్‌కు ముందు అతుకులకు సబ్బు నీళ్లు పూసి చూస్తాము. పొగ, విషవాయువు నిలవకుండా షెడ్డు పక్కల పరదాల పైభాగాన్ని రాత్రి కూడా కొద్దిగా తెరిచే ఉంచుతాము.

దుమ్ముకు బ్రూడర్ జాలీ తరచుగా మూసుకుపోవడం ఇంకో లోపం, వారానికొకసారి శుభ్రం చేయక తప్పదు. అయినా ఈ బ్రూడర్లనే మళ్లీ కొంటాను. గొలుసులు, బోల్టులు మాత్రం జడ్చర్ల ఇనుప సామాన్ల దుకాణంలో విడిగా తెచ్చుకుంటాను.