మణికట్టు ‘లేజర్’ ఆపరేషన్ ప్యాకేజీ: డబ్బు కట్టే ముందు ఇది చదవండి

హైదరాబాద్‌లో కార్పల్ టన్నెల్ (మణికట్టులో నరం నొక్కుకుపోయే సమస్య) ఆపరేషన్‌కు సిద్ధమవుతున్నవారు నాలా మోసపోకూడదని ఇది రాస్తున్నాను. చిక్కడపల్లిలో ఇరవై ఏళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. నిరుడు వేసవి నుంచి అర్ధరాత్రి దాటాక కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. చేయి విదిలిస్తే కాసేపటికి సర్దుకునేది. చిటికెనవేలికి మాత్రం ఏ బాధా లేదు. మణికట్టులో మీడియన్ నరం నొక్కుకుపోతే లక్షణాలు సరిగ్గా ఇలాగే ఉంటాయట.

మెట్రో స్టేషన్ దగ్గరి హోర్డింగు చూసి ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరుగారి కంటే ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి, కెమెరాతో, లేజర్‌తో, చిన్న రంధ్రం ద్వారా చేస్తామని చెప్పి 70,000 రూపాయల ప్యాకేజీ ఖాయం చేశారు. నరం ఎలా పనిచేస్తోందో చూసే నెర్వ్ కండక్షన్ టెస్టు చేయించలేదు. రాత్రిళ్లు మణికట్టు కదలకుండా పట్టి ఉంచే స్ప్లింట్ కట్టుకుని కొన్నాళ్లు చూడమనలేదు. షుగరు, థైరాయిడ్ ఉన్నాయా అని కూడా అడగలేదు. బేరం కుదిరాక ప్రశ్నలు వేయడానికి మొహమాటపడటం నా తప్పే.

ఆపరేషన్ అయిన అయిదో రోజు కట్టు విప్పితే అరచేతి మధ్యలో నాలుగు సెంటీమీటర్ల కోత, దానిమీద వరుసగా కుట్లు కనిపించాయి. డిశ్చార్జి సమ్మరీలో ‘ఓపెన్ రిలీజ్’ (అరచేతిని కోసి చేసే పద్ధతి) అని ఉంది, బిల్లులో మాత్రం ఎండోస్కోపీ (కెమెరాతో చేసే పద్ధతి) పరికరాల ఖర్చు వేశారు. లోపల సరిగా కనబడక పద్ధతి మార్చామని అన్నారు. అలా మార్చాల్సిన సందర్భాలు నిజంగానే ఉంటాయి కాబట్టి మొదట నమ్మాను.

తర్వాత మరో సర్జనుగారు ఓపికగా వివరించారు. ఓపెన్ పద్ధతిలో అరచేతిని కోస్తారు, మినీ ఓపెన్‌లో ఆ కోత రెండు సెంటీమీటర్లకు అటూఇటూగా ఉంటుంది. ఎండోస్కోపీలో మణికట్టు ముడత దగ్గర చిన్న గాటు పెట్టి కెమెరా పంపుతారు, కొందరు అరచేతిలో రెండో గాటు కూడా పెడతారు. ఏ దారిలో వెళ్లినా తెంచేది నరం మీద అడ్డంగా పట్టీలా ఉండే ఒక్క లిగమెంటునే, అదీ బ్లేడుతోనే. ఎండోస్కోపీ చేయించుకున్నవారు కొన్ని రోజులు ముందుగా పనికి వెళ్లగలరు, కానీ కొన్ని నెలలు గడిచాక ఫలితాల్లో పెద్ద తేడా ఉండదు. పైగా నరం తాత్కాలికంగా దెబ్బతినే అవకాశం ఎండోస్కోపీలోనే కాస్త ఎక్కువ. అంటే నాకు జరిగిన ఆపరేషన్ చెడ్డది కాదు, చెప్పిన పేరూ వసూలు చేసిన ధరా అబద్ధం. రాత్రి తిమ్మిరి తగ్గిందని ఒప్పుకోవాలి, అరచేయి నేలకు ఆనించి లేవబోతే మాత్రం ఇప్పటికీ నొప్పిగా ఉంది.

కాబట్టి ఏ పద్ధతి, కోత ఎక్కడ, ఎంత పొడవు, మధ్యలో పద్ధతి మారితే బిల్లు ఎలా మారుతుంది అన్నవి సర్జనుగారి చేతే రాయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి. రోగి అడిగితే 72 గంటల్లో వైద్య రికార్డులు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. నేను లిఖితపూర్వకంగా అడిగితే పదకొండో రోజున ఆపరేషన్ నోట్సు చేతికిచ్చారు. కెమెరా లోపలికి పంపినట్టు అందులో ఒక్క ముక్క కూడా లేదు. ఆ కాగితాన్ని జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు ఇచ్చాను.