కాలేజీ పేరు కంటే ముందు కోటా అడిగిన నెట్ సెంటర్, ఒంగోలు (నా రేటింగ్ 4/5)

ఒంగోలు అద్దంకి బస్టాండ్ దగ్గర సందులో ఉండే చిన్న నెట్ సెంటర్ గురించి ఈ రివ్యూ. బోర్డు ఎండకి వెలిసిపోయి జిరాక్స్ అనే మాట ఒక్కటే కనపడతది, లోపల రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, ఒక ఫ్యాను, ఆ ఫ్యాను కూడా ఆయన వైపే తిరిగి ఉంటది. మా అన్న కూతురికి ఈఏపీసెట్ (ఇంజనీరింగ్ ఎంట్రన్స్) వెబ్ ఆప్షన్లు, అంటే కావాల్సిన కాలేజీల లిస్టు ఆన్‌లైన్లో పెట్టించడానికి పోయినేడు వెళ్ళాం. రాయాలని అప్పట్నుంచీ అనుకుంటన్నా గానీ ఇప్పటికి కుదిరింది.

ముందు మా పాత దెబ్బ చెప్పాలి, లేకపోతే ఈ పాత కొట్టుకి 4 స్టార్లు ఎందుకిచ్చానో మీకు అర్థం కాదు. మా అన్న పెద్దకొడుకు అప్పుడు ఇంటర్ అయిపోయాక ఒక కన్సల్టెన్సీకి తీసుకెళ్ళాం, పేరొద్దులే. ఏసీ రూము, వెళ్ళగానే చల్లగా కూల్‌డ్రింకు, గోడ నిండా పిల్లల ఫోటోలు. ఫీజు 8 వేలు తీసుకున్నారు. మా అన్న పదేపదే ఒకటే అడిగాడు, రీయింబర్స్‌మెంట్, అంటే ట్యూషన్ ఫీజు సర్కారే కట్టేది, వచ్చిద్దా అని. "అన్నా, అదంతా మేం చూసుకుంటాం, ముందు సీటు పోకుండా చూసుకోండి" అన్నాడు ఆ టై కట్టుకున్న అబ్బాయి. సరే అని డబ్బు కట్టేశాం. చేరిన మూణ్ణెల్లకి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ చెప్పింది, బాబాయ్ మీ వాడిది మేనేజ్‌మెంట్ కోటా సీటు, అంటే కాలేజీ వాళ్ళు సొంతంగా ఇచ్చుకునేది, దీనికి ప్రభుత్వం ఫీజు రాదు అని. వాడికొచ్చిన ర్యాంకుకి అదే కాలేజీలో అదే బ్రాంచి కన్వీనర్ కోటాలో (ర్యాంకుని బట్టి సర్కారు కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు) వచ్చి ఉండేదంట! అదే బెంచి మీద పక్కన కూర్చున్నోడికి ట్యూషన్ ఫీజు సర్కారు కడతంటే మా వాడికి మా అన్న కట్టాడు, టంగుటూరు వేలంలో పొగాకు అమ్మిన డబ్బు ఖాతాలో పడ్డ వారానికే కాలేజీకి పోయేది, నాలుగేళ్ళు అట్టా పోయింది.

అందుకే ఈసారి పిల్ల దగ్గరికొచ్చేసరికి మా వదిన కన్సల్టెన్సీ అన్న మాట ఎత్తనివ్వలా. పక్కూరి వాళ్ళెవరో చెబితే ఇక్కడికొచ్చాం.

కూర్చోగానే ఆయన ఏ కాలేజీ కావాలమ్మా అని అడగలా. ఆదాయం సర్టిఫికెట్ ఉందా, ఏడాదికి రెండున్నర లక్షల లోపేనా, పొలం ఎంత, మాగాణా మెట్టా, ఇంట్లో కారుందా, గవర్నమెంటు ఉద్యోగం ఎవరికైనా ఉందా, ఇవి వరసగా అడిగాడు. కారంటే సొంత కారు, ట్రాక్టరు ఆటో ఉన్నా ఫర్లేదంట. మాగాణి పదెకరాల లోపు, మెట్టయితే పాతికెకరాల లోపు. మాకంత పొలం యాడుంది, కౌలుకి చేసేదే ఎక్కువ. తర్వాత ఒక తెల్లకాయితం తీసి మధ్యలో గీత గీశాడు. ఎడమ పక్కన కన్వీనర్ అని రాశాడు, కుడి పక్కన మిగతావన్నీ. "అక్కా, ప్రైవేటు కాలేజీలో నూటికి 70 సీట్లు ఈ పక్కన, 30 సీట్లు ఆ పక్కన. గేటు ఒకటే, బస్సు ఒకటే. ఈ గీతకి ఎటు పక్క చేరారన్నదే మీ ఖర్చు" అన్నాడు. నాకయితే ఆ ఒక్క కాయితానికే ఆయన తీసుకునే 300 ఇవ్వొచ్చనిపించింది.

కుడి పక్కన ఏమేం రాశాడంటే మేనేజ్‌మెంట్ సీట్లు, కౌన్సెలింగ్ మొత్తం అయిపోయాక కాలేజీ వాళ్ళు పిలిచి ఇచ్చే స్పాట్ సీట్లు, దూరవిద్య, చెన్నై పక్కన ఉండే డీమ్డ్ యూనివర్సిటీలు. ఈ చివరిది వినగానే మా పిల్ల మొహం మాడిపోయింది ఎందుకంటే దాని ఫ్రెండ్స్ సగం మంది అటే పోతన్నారు, నెల్లూరు దాటితే మద్రాసు ఎంత దూరం అనుకుంటారు కదా మనవాళ్ళు. ఆయన తిట్టలా, వద్దు అని కూడా అనలా. అక్కడ చదువు బాగానే ఉండొచ్చు గానీ మన రీయింబర్స్‌మెంట్ అక్కడికి రాదు, లోను తీసుకోవాల్సి వచ్చిద్ది, అంతవరకే చెప్పాడు. లోన్లలో కూడా కాలేజీని బట్టి తేడా ఉందంట, 2024 నవంబర్లో కేంద్రం ఓకే చేసిన పీఎం విద్యాలక్ష్మి అయితే ర్యాంకింగుల్లో పైన ఉన్న కాలేజీలకే, తాకట్టు ష్యూరిటీ లేకుండా ఇస్తారు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల లోను దాకా వడ్డీలో 3 శాతం తగ్గుద్ది, మేనేజ్‌మెంట్ కోటా వాళ్ళకి అదీ లేదు. మన రాష్ట్రంలో ఉన్న ప్రైవేటు యూనివర్సిటీల సంగతి వేరే, వాటిల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కిందకొస్తాయి, ఈఏపీసెట్ ర్యాంకుతో అలా వస్తే గీతకి ఎడమ పక్క లెక్క, వాళ్ళ సొంత ఎంట్రన్స్ రాసి నేరుగా చేరితే కుడి పక్క లెక్క. ఇంత చిన్న తేడా మాకెవరూ చెప్పలా ఇన్నాళ్ళూ.

మా తోడల్లుడి కూతురు సంగతి అప్పుడు గుర్తొచ్చింది. 2021లో ఇంటి దగ్గర ఉంది కదా అని ప్రైవేటు కాలేజీలో ఎంబీఏ చేరింది, అంతకుముందు డిసెంబర్లోనే 77వ నంబర్ జీవో వచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీకి రీయింబర్స్‌మెంట్ తీసేశారన్నది ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. యూనివర్సిటీ క్యాంపస్‌లో చేరుంటే వచ్చేది.

ఇంకో ముఖ్యమైన పాయింటు, ఇది ఒంగోలు నెల్లూరు మధ్య తిరిగే వాళ్ళందరికీ పనికొచ్చిద్ది. మా పిల్ల పది దాకా కొండపి దగ్గర జడ్పీ హైస్కూల్లో చదివి ఇంటర్ నెల్లూరు హాస్టల్లో చదివింది. మన ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, నెల్లూరేమో ఎస్వీయూ (తిరుపతి వెంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా. కన్వీనర్ సీట్లలో 85 శాతం ఆ ఏరియా లోకల్ వాళ్ళకే. మేం ఇంటర్ నెల్లూరు కాబట్టి నెల్లూరు లోకల్ అనుకుని ఆప్షన్లన్నీ అటు కాలేజీలే రాసుకెళ్ళాం. ఆయన ఆరో తరగతి నించి స్టడీ సర్టిఫికెట్లు పరిచి వేళ్ళ మీద లెక్కపెట్టి, చివరి నాలుగేళ్ళు ఒకే ఏరియాలో లేవు కాబట్టి ఏడేళ్ళలో ఎక్కువ ఎక్కడ చదివిందో చూస్తారు, ఐదేళ్ళు ఇక్కడే కాబట్టి నువ్వు ఏయూ లోకలే పాపా అన్నాడు. మొత్తం లిస్టు తిరగరాశాం. లేకపోతే ఆ మిగిలిన 15 శాతం సీట్ల కోసం కొట్టుకునేవాళ్ళం, సీటు రాకపోతే మళ్ళీ స్పాటో మేనేజ్‌మెంటో, అంటే మళ్ళీ గీతకి కుడి పక్కనే.

ఆప్షన్లు పెట్టేటప్పుడు పాస్‌వర్డ్ పిల్లతోనే కొట్టించాడు, ఆయన కుర్చీ పక్కకి తిప్పుకుని కూర్చున్నాడు. పాత కన్సల్టెన్సీలో అయితే పాస్‌వర్డు వాళ్ళ దగ్గరే ఉండేది, మా వాడికి ఏ ఆప్షన్లు పెట్టారో ఇప్పటికీ తెలీదు.

మా వదినకి జరిగింది కూడా చెప్పాలి. ఆదాయం సర్టిఫికెట్టు పాతది అయిపోయింది, కొత్తదానికి సచివాలయానికి పోతే వేలిముద్ర పడలా. పొగాకు గ్రేడింగ్ చేసే చెయ్యి, బొటనవేలు మీద జిగురు నల్లగా పట్టేసి గీతలే అరిగిపోయినయ్. నాలుగు వేళ్ళూ పెట్టించారు, కొబ్బరినూనె రాసి తుడిచి మళ్ళీ పెట్టించారు, పడలా, రేపు రమ్మన్నారు. రేపంటే గ్రేడింగ్ కూలి పోయిద్ది. ఈయనకి ఫోన్ చేస్తే "అక్కా ఆధార్‌కి మీ ఫోన్ నంబరు లింకు ఉందిగా, ఓటీపీతో చెయ్యమని అడగండి" అన్నాడు, అడిగితే ఐదు నిమిషాల్లో అయిపోయింది. దీనికి డబ్బులు తీసుకోలా.

మా అన్న చిన్నకొడుకు సంగతి అడక్కుండానే చెప్పాడు, వాడు ఏడో తరగతి, వీణ్ణి టంగుటూరులో ఇంగ్లీషు మీడియం ప్రైవేటుకి మార్చాలని మా అన్న ఆలోచన. బడికి పోయే పిల్లల తల్లులకి సర్కారిచ్చే తల్లికి వందనం డబ్బు ఎక్కడ చదివినా వచ్చిద్ది, స్కూలుకి పోయే 2 వేలు తీసేసి 13 వేలు తల్లి ఖాతాలో, దాంట్లో తేడా లేదు. కానీ ఎనిమిదిలో రాసే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష గవర్నమెంటు, జడ్పీ, మున్సిపల్, ఎయిడెడ్ పిల్లలకే, ప్రైవేటు వాళ్ళకి లేదు, రెసిడెన్షియల్ వాళ్ళకి కూడా లేదు. పాసై ఎంపికైతే తొమ్మిది నించి ఇంటర్ రెండో సంవత్సరం దాకా ఏడాదికి 12 వేలు, మొత్తం 48 వేలు. ఆ నాలుగేళ్ళూ గవర్నమెంటు, ఎయిడెడ్‌లోనే ఉండాలన్నది కూడా గుర్తుపెట్టుకోండి. ట్రిపుల్ ఐటీకి కూడా హాస్టల్ లేని గవర్నమెంటు బడుల పిల్లలకి పదో తరగతి మార్కుల మీద 4 శాతం కలుపుతారు, మనకి ఒంగోలు క్యాంపసే ఉంది కదా. మా అన్న ఇంటికొచ్చి రాత్రంతా ఆలోచించి మార్చడం మానేశాడు. మా వదిన మాత్రం ఇంగ్లీషు రాకపోతే ఎట్టా అని ఇప్పటికీ సణుగుద్ది, ఆమెదీ తప్పు కాదు.

ఒక స్టార్ ఎందుకు తీశానంటే కూర్చోడానికి చోటు లేదు, సీజన్లో పది మంది మెట్ల మీదే. మధ్యలో ఎవరో ఒకరు కరెంటు బిల్లని, ట్రైన్ టికెట్టని వస్తారు, మన పని ఆపేసి వాళ్ళది చేస్తాడు, మాకు మూడున్నర గంటలు పట్టింది. ప్రింటు 10 రూపాయలు అన్నాడు, బయట 5కే ఇస్తారు. ఇంకోటి, చేరిన తర్వాత సంగతులు పెద్దగా చెప్పడు. హాజరు 75 శాతం లేకపోతే రీయింబర్స్‌మెంట్ ఆగిపోయిద్దనీ, సర్కారు డబ్బు లేటయినప్పుడు కొన్ని కాలేజీలు ముందు మీరు కట్టండి అని పిల్లల్ని నిలబెడతాయనీ మాకు తర్వాతే తెలిసింది. ఆ సంగతి కూడా ఆయన తన కాయితం మీద రాస్తే బాగుండేది.

పిల్లకి రెండో విడతలో ఒంగోలు పక్కనే కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) వచ్చింది, కన్వీనర్ సీటే. అలాట్‌మెంట్ కాయితం ప్రింటు తీసుకుని మా అన్న దాన్ని రెండు సార్లు చదివించుకుని చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నాడు.

వెళ్ళేవాళ్ళు మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళండి, పొద్దున రద్దీ. ఆరు నించి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, ఆధార్, రేషన్ కార్డు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు, ఓటీపీ వచ్చే ఫోను ఛార్జింగు పెట్టుకుని తీసుకెళ్ళండి. ఆప్షన్లకి 300, ప్రాసెసింగ్ ఫీజు వేరే, అది ఆన్‌లైన్లో మీరే కట్టాలి, ఓసీ బీసీలకి 1200, ఎస్సీ ఎస్టీలకి 600. ఫోన్‌పే పనిచేస్తది గానీ చిల్లర ఉంటే ఇవ్వండి, ఆయన సంతోషపడతాడు.