బ్యాటరీ కనెక్టర్ ఉన్న చౌక ఈఎస్‌పీ32 బోర్డు కొంటున్నారా? ముందు రెగ్యులేటర్ చూడండి

మేడ మీద ట్యాంకులో నీళ్లు ఎంతున్నాయో చూసే సెన్సర్ కోసం ఈ మధ్య ఆన్‌లైన్‌లో వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్ ఈఎస్‌పీ32తో చేసిన ఒక బోర్డు తెప్పించాను. లిథియం బ్యాటరీ కనెక్టర్ ఉంది, చార్జింగ్ సర్క్యూట్ ఉంది, బ్యాటరీ ప్రాజెక్టులకు బాగా పనికొస్తుందని రాశారు కూడా. యూఎస్‌బీ మీద చక్కగా నడిచింది. బ్యాటరీ పెట్టి వైఫై ఆన్ కాగానే రీసెట్. మళ్లీ లేవడం, మళ్లీ రీసెట్. బోర్డు పంపే మెసేజీలు కంప్యూటర్‌లో చూపించే సీరియల్ మానిటర్ నిండా బ్రౌన్‌అవుట్, అంటే వోల్టేజి చాలలేదన్న మెసేజీలే. రిటర్న్ అడిగితే "యూఎస్‌బీ మీద పని చేస్తోంది కదండీ" అని తేల్చేశారు.

లోపం బోర్డు డిజైన్‌లోనే ఉంది. వచ్చే వోల్టేజిని చిప్‌కి కావలసిన 3.3కి తగ్గించడానికి దాని మీద పెట్టిన రెగ్యులేటర్ ఏఎమ్ఎస్1117. అది 3.3 వోల్టులు ఇవ్వాలంటే లోపలికి ఇంకో వోల్టు పైనే ఎక్కువ రావాలి. యూఎస్‌బీ ఇచ్చేది 5 వోల్టులు కాబట్టి అక్కడ ఇబ్బంది తెలియదు. లిథియం సెల్ నిండుగా ఉంటే 4.2, ఆ తర్వాత ఎక్కువసేపు 3.7 దగ్గరే ఉంటుంది. అంటే చిప్‌కి అందేది 2.7 వోల్టుల లోపే. ఆ చిప్ ఉన్న మాడ్యూల్‌కి కనీసం 3.0 కావాలి. పైగా వైఫై సిగ్నల్ పంపేటప్పుడు 240 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది, ఆ దెబ్బకి వోల్టేజి ఇంకా పడిపోతుంది.

పని లేనప్పుడు చిప్‌ని డీప్ స్లీప్‌లో, అంటే దాదాపు ఆపేసినట్టు పెట్టి గట్టెక్కుదామన్నా కుదరదు. చిప్ 10 మైక్రో ఆంపియర్లతో నిద్రపోతుంది కానీ, ఈ రెగ్యులేటర్ ఊరికే ఉండటానికే దాదాపు 5 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. 2,000 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్ అయినా ఏ పనీ చేయకుండానే రెండు మూడు వారాల్లో ఖాళీ.

నాకు అసలు భయం వేసింది చార్జింగ్ భాగం చూశాక. సెల్‌ని చార్జ్ చేసే టీపీ4056 చిప్‌కి, చార్జింగ్ కరెంటు ఎంతో నిర్ణయించే చోట 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టారు, దాని మీద 122 అని ఉంటుంది. అంటే సెల్ ఎంత చిన్నదైనా 1 ఆంపియర్‌తో చార్జ్ చేస్తుంది. 500 మిల్లీ ఆంపియర్ అవర్ల చిన్న సెల్ తగిలిస్తే వేడెక్కి ఉబ్బిపోవచ్చు, మంటలు కూడా రావచ్చు. సెల్ అతిగా చార్జ్ కాకుండా, మరీ ఖాళీ కాకుండా కాపాడే డీడబ్ల్యూ01 లాంటి ప్రొటెక్షన్ చిప్ కూడా లేదు. దయచేసి ఇలాంటి బోర్డుకి చిన్న సెల్ తగిలించి రాత్రంతా వదిలేయకండి.

కొనే ముందు ఫొటో జూమ్ చేయండి. మూడు కాళ్లు, వాటికి ఎదురుగా వెడల్పాటి రేకు ఉన్న నల్ల రెగ్యులేటర్ మీద 1117 అని కనిపిస్తే బ్యాటరీ పనికి వద్దు. ఏపీ2112, ఎంఈ6211 రెగ్యులేటర్లు ఉన్న బోర్డులు నయం. హెచ్‌టీ7333 నిద్రలో చాలా పొదుపు గానీ 250 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, వైఫైకి చాలీచాలనట్టు ఉంటుంది. అమ్మేవాళ్లని స్కీమాటిక్ (బోర్డు సర్క్యూట్ బొమ్మ) అడగండి, ఇవ్వకపోతే ఆర్డర్ పెట్టొద్దు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే బోర్డు చేతిలో పట్టుకుని ఆ అక్షరాలు చదివాకే డబ్బులివ్వొచ్చు.